డాబా మీది ఎండ

రథసప్తమి వెళ్ళిన మరునాటి నుంచి మా ఇంట్లో ఎండకు లెక్క మొదలవుతుంది. ఆ రోజు అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామిని దర్శించుకోవడం వీలైనా కాకపోయినా, పెరట్లోని చిక్కుడాకులు కోసి వాటిలో పరమాన్నం నైవేద్యం పెట్టడం మాత్రం మానని మా అత్తయ్య, మరునాడు తెల్లవారగానే డాబా మెట్లెక్కి తూర్పు వైపు ఒకసారి చూసి, "ఎండ పోతందమ్మా, గుడ్డ తడుపు" అంటారు. అప్పటికి సూర్యుడు కొబ్బరిచెట్ల తలల మీదికి కూడా వచ్చి ఉండడు. పెళ్ళయి శ్రీకాకుళం జిల్లా టెక్కలి వచ్చిన కొత్తలో, ఇంకా రాని ఎండ పోవడం ఏమిటో నాకు బోధపడేది కాదు. 20 ఏళ్ళు గడిచాక ఇప్పుడు ఆవిడ కంటే ముందే నేను డాబా మీద ఉంటున్నాను.

మా ప్రాంతంలో నిలవ సరుకు ఎండబెట్టడానికి పనికివచ్చే ఎండ మాఘం నుంచి చైత్రం దాకానే ఉంటుంది. వైశాఖంలో ఎండ ఇంకా ముదురుతుందన్న మాట నిజమే గానీ, సముద్రం దగ్గర కావడం వల్ల గాలిలో తేమ పెరిగి ఉక్కపోస్తుంది, దానికి తోడు సాయంత్రమయ్యేసరికి మహేంద్రగిరుల వైపు మబ్బు కమ్మి, చూస్తూండగానే గాలివాన వచ్చి పడుతుంది. సగం ఎండిన వడియం మీద నాలుగు చినుకులు పడితే అది ఇక వడియం కాదు. అందుకే ఏడాదికి సరిపడా వడియాలు, చల్లమిరపకాయలు, ఒరుగులు అన్నీ ఉగాది దాటిన పది పదిహేను రోజులకల్లా డబ్బాల్లోకి చేరిపోవాలన్నది అత్తయ్య నియమం.

ఈ పనికి కావలసిన సరుకులో చాలా భాగం పెరట్లోనే పండుతుంది. ఇల్లు, పెరడు కలిపి ఐదు సెంట్ల స్థలం మాది, అందులో మొక్కలకు దక్కింది రెండు సెంట్లకు మించదు. ఎర్రనేల కావడం వల్ల నీరు నిలవదు, కాబట్టి ఏటా వేసవి చివర రెండు తట్టల పశువుల గత్తం తెచ్చి పాదుల్లో కలుపుతాం. మృగశిర కార్తెలో తొలి చినుకు పడగానే ఆనప, బీర, బూడిద గుమ్మడి గింజలు నాటుతాం. చిక్కుడు పందిరి దక్షిణపు గోడకు, దొండ పాదు నూతి పక్కన, కంద, చేమ అరటి చెట్ల నీడన ఉంటాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు సబ్బు తగలకుండా వేరే బకెట్లో పట్టి మొక్కలకే పోస్తాం. చిక్కుడుకు పేనుబంక పట్టినప్పుడు తెల్లవారి మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద జల్లించి చల్లితే చాలావరకు అదుపులోకి వస్తుంది, మరీ ముదిరితే ఆ కొస తుంచి పారేయడమే మేలు.

విత్తనం కొన్న గుర్తు నాకు లేదు. అన్నిటికంటే ముందు కాసిన మంచి బీరకాయను కోయకుండా తీగ మీదే ఎండనిచ్చి, ఆ కాయను అలాగే దూలానికి కట్టేస్తారు అత్తయ్య. గింజలు దాని పొట్టలోనే భద్రంగా ఉంటాయి, నాటేనాడు కొస విరిచి దులిపితే చాలు, మిగిలిన పీచు ఒళ్ళు రుద్దుకోవడానికి పనికివస్తుంది. ఆనప గింజలు మాత్రం బూడిద కలిపి, ఎండిన ఆనప బుర్రలోనే పోసి ఉంచుతాం.

బూడిద గుమ్మడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంటి పొదుపంతా ఆ ఒక్క పాదు చుట్టూ తిరుగుతుంది. దానికి మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి. పువ్వు కింద నూగుతో చిన్న పిందె కనిపిస్తే అది ఆడ పువ్వు. ముసురు పట్టిన రోజుల్లో తేనెటీగలు తిరగవు కాబట్టి, తెల్లవారగానే మగ పువ్వు ఒకటి తుంచి, రేకులు వలిచి, దాని పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్దుతాను. ఈ పని నాకు మా నాన్న నేర్పారు. మా జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆయన, చెట్టు దగ్గర నిలబడితే భోజనం సంగతి మరిచిపోయేవారు. పిందె పట్టాక పండు ఈగ గుడ్లు పెట్టకుండా దానికి పాత గుడ్డ వదులుగా చుట్టాలి. కార్తీకం నాటికి కాయ ముదిరి పైన తెల్లటి బూడిద పడుతుంది. ఆ బూడిదే దానికి రక్ష. చెయ్యి తగలకుండా, తొడిమ విరగకుండా కోసి ఉట్టిలో వేలాడదీస్తే నెలల తరబడి చెక్కుచెదరదు. కరెంటు అక్కరలేదు, మందు అక్కరలేదు.

వడియాలు పెట్టే ముందురోజు మధ్యాహ్నం కాయ దించుతాం. నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు పగలగొట్టకూడదన్న పట్టింపు అత్తయ్యకు గట్టిగా ఉంది. అందువల్ల మొదటి దెబ్బ మావయ్య వేసేవారు, ఆయన పోయాక మావారు వేస్తున్నారు. ఆ తరవాతి పనంతా మాదే. చెక్కు తీయకుండా, గింజలు మాత్రం తీసేసి, ముక్కలు సన్నగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, పైన తిరగలి రాయి పెట్టి రాత్రంతా ఉంచితే నీరంతా దిగిపోతుంది. నాలుగు కిలోల కాయకు కిలో పొట్టు మినపప్పు మా కొలత. నానిన పప్పును పొట్టు కడిగి, నీళ్ళు దాదాపు పోయకుండా, పచ్చిమిర్చి, అల్లం, కాస్త జీలకర్ర వేసి గట్టిగా రుబ్బాలి. పిండి పలచనైతే వడియం చదునుగా పరుచుకుపోయి, వేగాక గుల్లబారదు. రుబ్బిన పిండిని చేత్తో బాగా గిలకొట్టి, చిటికెడు పిండి నీళ్ళలో వేసి చూస్తారు అత్తయ్య. తేలితేనే ముక్కలు కలపమంటారు. ఉప్పు ముక్కల్లో ఉంది కాబట్టి పిండిలో మళ్ళీ వేయకూడదన్నది కొత్తవాళ్ళు తప్పకుండా మరిచిపోయే సంగతి.

వడియాలు పెట్టే గుడ్డకు కూడా ఒక చరిత్ర ఉంది. అది మావయ్యగారి పొందూరు ఖద్దరు పంచె. పొందూరులో ఆ సన్నటి నూలు తీసే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి శుభ్రం చేస్తారు. ఆ పళ్ళ నుంచి దిగిన పత్తి ఎంత మెత్తగా ఉంటుందో, ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన ఆ పంచెను ముట్టుకుంటే తెలుస్తుంది. ప్లాస్టిక్ పట్టా మీద పెడితే వడియం అడుగు చెమర్చి ఆలస్యంగా ఎండుతుంది, గుడ్డ అయితే రెండు వైపులా గాలి ఆడుతుంది. రెండో రోజు సాయంత్రం గుడ్డ తిరగేసి, వెనక వైపు నీళ్ళు చిలకరించి, ఒక్కొక్క వడియాన్ని వేలితో నెమ్మదిగా ఊడదీస్తాం. ఇంకో రెండు రోజుల ఎండ తగిలాక, చేటలో పోసి ఊపితే గవ్వల్లా మోగాలి. ఆ చప్పుడు రాకపోతే అత్తయ్య డబ్బా మూత తీయనివ్వరు.

పెరట్లో మొక్కను చూసుకోవడం కంటే, కాపంతా ఒక్కసారి వచ్చి పడినప్పుడు దాన్ని చూసుకోవడమే కష్టమని నా అనుభవం. మాఘంలో చిక్కుడు విరగకాస్తుంది, నాలుగు రోజులు వరసగా అదే కూర వండితే పిల్లలు కంచం ముందు కూర్చోరు. మిగిలిన లేత కాయలు ఈనె తీసి, మరుగుతున్న నీళ్ళలో రెండు నిమిషాలు వేసి తీసి ఎండబెడితే, ఆషాఢంలో కూరగాయల ధర కొండెక్కినప్పుడు నానబెట్టి పులుసులో వేసుకోవచ్చు. వంకాయ, దొండ, కాకర చక్రాలు కూడా అంతే. మిరపకాయలకు చీలిక పెట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టి, ఆ మజ్జిగ ఇంకిపోయేదాకా మూడు నాలుగు రోజులు అలాగే చేస్తాం. పులియబెట్టిన తరవాణి అన్నంలోకి అవి ఉంటే మరో కూర అడిగేవారు లేరు.

ఉప్పు విషయంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మూడేళ్ళ క్రితం అత్తయ్యకు రక్తపోటు పెరిగి, ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. వయోజనులెవరికైనా ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ భయంతో నేను ఆ ఏడు ఆవకాయలో ఉప్పు సగానికి సగం తగ్గించాను. ఆవిడ వద్దంటూనే ఉన్నారు, నేనే వినలేదు. నెల తిరగకుండానే జాడీ పైన తెల్లటి బూజు కట్టింది. పైది తీసేసి వాడుకోమని ఒకరిద్దరు చెప్పారు గానీ, కంటికి కనిపించే బూజు కింద కనిపించనిది కూడా పాకి ఉంటుంది కాబట్టి 25 కాయల ఆవకాయను పెరట్లో గొయ్యి తీసి పూడ్చిపెట్టాం. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. ముక్కలోని నీటిని బయటికి లాగి సూక్ష్మజీవులకు అందకుండా చేసేది ఉప్పు, దానికి సాయం ఆవపిండి ఘాటు, గాలి సోకకుండా పైన పరుచుకునే నువ్వులనూనె. ఈ మూడింటిలో ఒకటి తగ్గించి మిగతా రెండింటి మీద భారం వేయడానికి లేదు. ఇప్పుడు జాడీలో కొలత పాత కొలతే, తగ్గించినది కంచంలో వేసుకునే ముక్క. అత్తయ్య వారానికి రెండుసార్లు నఖమంత ఊట కలుపుకుంటారు, మిగతా రోజుల్లో ఉప్పు లేకుండా ఎండబెట్టిన మామిడి ఒరుగులతో చేసిన పప్పు తింటారు. ఆవిడ కోసమే ఆ ఒరుగులు వేరుగా, పలచగా తరిగి, గట్టి ఎండలో పెళుసుగా విరిగేదాకా ఎండబెడుతున్నాను.

ఈ శ్రమంతా కలిపి చూస్తే మిగిలేది ఎంత అని మా ఆడపడుచు ఒకసారి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మినపప్పు ఖరీదు, ఇద్దరు ఆడవాళ్ళ నడుము నొప్పి లెక్క వేస్తే కిలో వడియాల మీద మిగిలేది పెద్ద మొత్తమేమీ కాదు. అయితే వంటింటి క్యాలెండర్లో కూరగాయలు కొన్న రోజుకు సున్నా చుట్టడం నాకు అలవాటు. నిరుడు ఆషాఢం నుంచి కార్తీకం దాకా వారానికి రెండు సున్నాలకు మించి లేవు. ఆ ఐదు నెలల్లో మిగిలిన డబ్బే విశాఖపట్నంలో చదువుకుంటున్న మా అమ్మాయికి హాస్టలు ఫీజులో ఒక వాయిదాకు ఆసరా అయింది.

డబ్బు లెక్కకు లొంగని రోజులు కూడా వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఆ గాలి హోరు మధ్య మేమంతా నడిమింట్లో ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. ఉద్దానంలో మా నాన్న చేతులతో నాటిన కొబ్బరిచెట్లు వరసగా నేలకొరిగాయి. ఆ తోట చూశాక ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మాకు కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడైపోయింది, బజారులో కూరగాయలు లేవు, ఉన్నా కొనలేని ధర. అమ్మానాన్నలు, తమ్ముడి పిల్లలు మా ఇంటికి వచ్చేశారు. తొమ్మిది మందికి రెండు పూటలా అన్నం, వడియాల పులుసు, చల్లమిరపకాయలు, ఆవకాయ, చివర పిల్లల చేతికి తలా ఒక ముక్క భీమాలి మామిడి తాండ్ర. ఆ పది రోజులూ డాబా మీద దాచుకున్న మాఘమాసపు ఎండే మా అందరికీ అన్నం పెట్టింది. ఆ రోజుల్లోనే మా అమ్మాయి మొదటిసారి అత్తయ్య పక్కన కూర్చుని, వడియాలకు ఇంకేమేమి కావాలో అడిగి నోటుపుస్తకంలో రాసుకుంది.

ఈ ఏడు పంచె నడుమ జానెడు చిరుగు పడింది. కొత్త గుడ్డ తెస్తానని మావారు అంటే అత్తయ్య ఒప్పుకోలేదు. పెట్టెలో ఉన్న మావయ్యగారి రెండో పంచె అంచు నుంచి ముక్క కత్తిరించి, కళ్ళజోడు తుడుచుకుంటూ రెండు మధ్యాహ్నాలు కూర్చుని మాసిక వేశారు. దారం కనిపించకుండా కుట్టడం ఇప్పుడు ఆవిడ చూపుకు సాధ్యం కాదు, కాబట్టి కుట్టు కాస్త ఎత్తుగా, తాడులా వచ్చింది. శనివారం ఇంటికి వచ్చిన అమ్మాయి వడియాలు పెడుతూ, ఆ కుట్టు దగ్గరకు వచ్చినప్పుడల్లా దాని మీద పెట్టకుండా చుట్టూ తిప్పి పెట్టింది. నాలుగో రోజు సాయంత్రం గుడ్డ మడత పెడుతున్నప్పుడు చూస్తే, ఆ ముక్క ఒక్కటే పిండి మరక అంటకుండా తెల్లగా ఉంది.