గయలో అమ్మకు పదహారు పిండాలు

అమ్మ సంవత్సరీకాలు అయ్యాక అక్కా, బావా, నేనూ గయ వెళ్ళొచ్చాం. ప్రయాగ, కాశీ కూడా చూశాం కానీ నా మనసు ఇంకా గయలోనే ఉంది.

నాకు బైపోలార్ డిజార్డర్. ఇంటర్ చదివే రోజుల నుంచీ దానికి లిథియం మాత్రలు వాడుతున్నాను. నాన్న నా చిన్నప్పుడే పోయారు. రాత్రి అన్నం తినగానే మాత్ర, గ్లాసుడు నీళ్ళు తెచ్చి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడేది అమ్మ. ఆవిడ పోయాక నా కళ్ళల్లో నీళ్ళు కనిపిస్తే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్. "మందు వేసుకున్నావా? డాక్టర్‌కి ఫోన్ చేద్దామా?" వాళ్ళ భయంలోనూ అర్థం ఉంది. నిద్ర చెడితే నాకు జబ్బు తిరగబెడుతుంది. కానీ తల్లి పోయినవాడికి ఏడుపొస్తే అది జబ్బెలా అవుతుంది? పన్నెండు రోజుల కర్మా రాయిలా కూర్చుని చేశాను.

బయల్దేరే ముందు డాక్టర్‌గారు నీళ్ళు తాగడం మాత్రం మానొద్దన్నారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. గయలో మా కర్మ చేయించిన తెలుగు శాస్త్రిగారితో ఈ మాట చెబితే, "ఔషధానికీ నీళ్ళకీ దోషం లేదు నాయనా, తాగి కూర్చో" అన్నారు. సగం బెంగ అక్కడే తీరింది.

పితృపక్షం కాదు కదా, ఖాళీగా ఉంటుందనుకున్నాం. ఎక్కడి ఖాళీ! ఫల్గు ఒడ్డు నుంచి గుడి దాకా తోపులాటే. 2022లో రబ్బరు డ్యాం కట్టాక సీతమ్మ శాపం వల్ల పైన నీళ్ళు కనిపించవని చెప్పే ఆ నదిలో కూడా ఇప్పుడు నీళ్ళు నిలుస్తున్నాయి, స్నానానికి ఇబ్బంది లేదు. అడుగడుగునా దక్షిణ కోసం చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళతోనే ప్రాణం విసిగిపోయింది. దుఃఖంతో వచ్చినవాళ్ళతో బేరాలేమిటో!

మండపంలో మాతృషోడశికి కూర్చున్నాం. అమ్మ మనకోసం పడ్డ ఒక్కో కష్టానికీ ఒక్కో పిండం, మొత్తం పదహారు. లిథియం వల్ల నా వేళ్ళు సన్నగా వణుకుతుంటాయి. అన్నం, నువ్వులు కలిపిన ముద్ద గుండ్రంగా రాకుండా పగిలిపోతోంది. నువ్వులన్నీ వేళ్ళకి అంటుకుపోయాయి. పక్క వరుసలో భర్త చేత పిండాలు పెట్టిస్తున్న ఒక పెద్దావిడ అది చూసి, తన చెంబు నా ముందుకు జరిపి, "చెయ్యి తడి చేసుకో నాయనా, విడిపోదు" అన్నారు. నిజంగానే విడిపోలేదు.

మోసినందుకు ఒకటి, కన్నందుకు ఒకటి, పాలిచ్చినందుకు ఒకటి. ప్రతి శ్లోకం చివరా "మాతృపిండం దదామ్యహం" అంటూ పెడుతున్నాను. శాస్త్రిగారు ఒక శ్లోకం చెప్పి తెలుగులో అర్థం చెప్పారు: "బిడ్డ జబ్బుపడితే రాత్రింబగళ్ళు తల్లి పడ్డ దుఃఖానికి, ఇదిగో ఈ పిండం."

పిండం చేతిలో ఉండగానే నాకు ఏడుపు కట్టలు తెంచుకుంది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చునే నిద్రపోయిన అమ్మ, నేను కోపంలో విసిరేసిన మాత్రలు మంచం కింద వెతుక్కున్న అమ్మ, అంతా కళ్ళముందు తిరిగింది. అక్క కంగారుగా లేచి, "పొద్దున మాత్ర వేసుకున్నాడా?" అని బావని అడుగుతోంది. ఆ పెద్దావిడ అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "ఏడవనీ అమ్మా. వాళ్ళమ్మ కోసం ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ ఏడుస్తాడు?" అన్నారు. అక్క ఇంకేం మాట్లాడలేదు. శాస్త్రిగారు కూడా మంత్రం ఆపి నాకోసం ఆగారు. ఆ పిండం పెట్టాకే తర్వాతి శ్లోకం అందుకున్నారు.

విష్ణుపాదం దర్శనం రెప్పపాటే. వెండి అంచు మధ్య నల్లరాతి మీద స్వామి పాదం, దాని మీద పూలు, తులసి, ఎవరెవరివో పిండాలు. నావి కూడా వాటిలో కలిపి చెయ్యి తాకించానో లేదో, వెనకనుంచి నెట్టేశారు. ఆ నల్లరాతి చల్లదనం మాత్రం అరచేతికి తెలిసింది.

అక్షయవటం దగ్గర ఇష్టమైన పండూ కూరా వదిలెయ్యాలి కదా, సీతాఫలం, దొండకాయ వదిలాను. "గయలో ఆ మందులు కూడా వదిలేసి రా" అని ఊళ్ళో ఒక బంధువు సలహా ఇచ్చారు. మా అమ్మ అన్నేళ్ళు కాపాడింది ఆ మందులతోనే. వాటిని ఏ చెట్టుకిందా వదలను.

ఆ పెద్దావిడ పేరు అడగలేదు, బందరు వైపు యాస. జనంలో మళ్ళీ కనిపించలేదు. ఆ తల్లినీ ఆవిడ ఇంటిల్లిపాదినీ గదాధరుడు చల్లగా చూడాలి.