మోటారు కాలకుండా నిలుస్తుందా?

మార్కెటింగ్‌లో పని చేస్తానంటే మా అనంతపురంలో ఇప్పటికీ ఫ్లెక్సీలు, కరపత్రాలే అనుకుంటారు. నేను చేసేది ప్రాడక్ట్ మార్కెటింగ్. ఇందులో యాడ్ అనేది చివర్లో వచ్చే చిన్న ముక్క. వస్తువు ఎవరికి కావాలి, వాళ్లు ఇప్పుడు దాని బదులు ఏం వాడుతున్నారు, ఏ మాట చెబితే ఇది మన కోసమే అనుకుంటారు, ధర ఎంత, మార్కెట్లోకి ఎప్పుడు దించాలి, ముందు ఇవి తేలాలి.

ఇదివరకు ఒక చిన్న కంపెనీలో ఉండేదాన్ని. బోరు మోటారుని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ డబ్బా తయారుచేసేవాళ్లం. దాని మీద పెద్దక్షరాలతో 4జీ, క్లౌడ్, స్మార్ట్ అని రాశాం. నెలలు గడిచినా షాపుల్లో కదల్లేదు. ధర ఎక్కువని సేల్స్ వాళ్లు, వీళ్లకి చెప్పడం రాదని ఇంజనీర్లు. రైతుని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

నార్పల దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటకి వెళ్లాను. తోట పెద్దాయన డబ్బాని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఫోన్ సంగతి తర్వాత చూద్దాంలేమ్మా, బోర్లో నీళ్లు అయిపోతే మోటారు కాలకుండా నిలుస్తుందా, అది చెప్పు" అన్నాడు.

నిలుస్తుంది. నీళ్లు అందకపోతే మోటారు మీద లోడు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, డబ్బా అది కనిపెట్టి కరెంటు ఆపేస్తుంది. మా బ్రోచర్‌లో అది చివరి పేజీలో, 'డ్రై రన్ ప్రొటెక్షన్' అని మూడు మాటల్లో ఉంది. వానే సరిగ్గా పడని జిల్లా మాది. మోటారు కాలిందంటే వందల అడుగుల లోతు నుంచి పైపులన్నీ విప్పుకుంటూ పైకి తీయాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి, అంతవరకూ ఎండాకాలంలో తోట దాహంతో ఉంటుంది. ఆయన మొట్టమొదట అడిగింది మేము అందరికన్నా చివర చెబుతున్నాం.

వెనక్కి వచ్చి డబ్బా మీద 'మోటారు కాలదు' అని రాద్దామన్నాను. ఇంజనీర్లు ఒప్పుకోలేదు, పిడుగు పడితే ఎవరాపుతారన్నారు. వాళ్లదే న్యాయం. చివరికి 'నీళ్లు అయిపోతే మోటారు దానంతటదే ఆగుతుంది' అని ఖాయం చేశాం. షాపువాళ్లకి కూడా ముందు అదే చెప్పండని కూర్చోబెట్టి నేర్పించాను.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు. కరెంటు రాగానే అందరి ఆటో స్టార్టర్లూ ఒక్కసారే మోటార్లని లేపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతోందట. అది మోసుకొచ్చి ఇంజనీర్ల ముందు పెడితే, ఒక్కో డబ్బా కొన్ని నిమిషాల తేడాతో లేచేలా మార్చారు. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. చేలో విన్న మాట తయారుచేసేవాళ్ల దాకా చేరాలి, వాళ్లు చేసింది షాపులో సరైన మాటల్లో వినబడాలి. మధ్యలో ఒకరు నడవకపోతే రెండూ జరగవు.

పెద్దాయన అడిగిన మూడో మాట మాత్రం మిగిలింది: "ఇది పాడైతే ఎవరొస్తారు?" ధర్మవరం వైపు అమ్మడానికి తేదీ అడిగారు. అక్కడ రిపేరు చేసే మనిషి దొరికేదాకా తేదీ ఇవ్వనని చెప్పేశాను.