లోటాడు పాలు

మా బుడ్డోడికి 15 నెలలు నిండాయి. పోయిన ఏడాదే ఇదంతా రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ నాలుగు లైన్లు దాటకముందే ఒక డాక్టర్ని తిట్టడం మొదలుపెట్టి, ఆపేశాను. ఇప్పుడు కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

కాన్పుకు పుట్టింటికి, ఎమ్మిగనూరుకు వచ్చాను. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో. వారం విడిచి వారం వచ్చిపోయేవారు. సిజేరియన్, కుట్లు, పసిరికలు, అన్నీ అందరికీ ఉండేవే. బిడ్డ బరువు 2.9 కిలోలు. రెండు వారాలు హాయిగా గడిచాయి. పాలు తాగి పడుకునేవాడు. మా నాయన గుంతమగ్గం పక్క గదిలోనే ఉంటుంది. ఆ టకటక వింటూ ఇంకా బాగా నిద్రపోయేవాడు.

మూడో వారంలో మొదలైంది. సాయంత్రం దీపం పెట్టే వేళకు ముఖం ఎర్రగా చేసుకుని, పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఏడుపు. ఆకలి ఏడుపు ఎట్లుంటుందో అప్పటికే నాకు తెలుసు. ఇది అది కాదు. రొమ్ము పట్టుకుంటాడు, నాలుగు గుక్కలు తాగుతాడు, వెనక్కి విల్లులా వంగిపోయి అరుస్తాడు. చెయ్యి వేసి చూస్తే కడుపు డప్పులాగా బిగిసి ఉండేది. రాత్రి పదకొండు దాకా అంతే. నాయన మగ్గం ఆపితే ఏడుపు పెరుగుతుందని, పాపం, నడుము నొప్పితోనే పొద్దుపోయేదాకా నేసేవాడు. ఆ నెలలో ఆయన నేసినన్ని చీరలు ఎప్పుడూ నేయలేదని ఇప్పుడు నవ్వుకుంటాం.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక కారణం ఉంది. మా అవ్వ దిష్టి అనింది. ఎండుమిరపకాయలు, ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేసింది. పెద్దమ్మ వస కొమ్ము సానమీద అరగదీసి నాలుకకు రాయమనింది. ఎవరో గ్రైప్ వాటర్ తెచ్చారు, ఎవరో మెడకు తాయెత్తు కట్టారు. పక్కింటి ముసలామె రోజూ వచ్చి కడుపు తట్టి చూసి, "లోపల వాతం చేరింది మే, రెండు చురకలు పెడితే పోతాది" అనేది. పసుపు కొమ్ము కాల్చి పసిబిడ్డ కడుపు మీద అంటించడం. మా చిన్నాయన పొట్ట మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

మా అమ్మ లెక్క వేరు. "నీ పాలు చాలక ఏడుస్తాండాడు." అమ్మకు తెలిసిన మందు ఒకటే. వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన బర్రె పాలు, స్టీలు లోటా నిండా, రోజుకు మూడుసార్లు. పొద్దున బ్రెడ్డు కూడా పాలల్లోనే. మధ్యాహ్నం అన్నంలో నెయ్యి తేలుతుండాలి. బాలింతకు ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు? బిడ్డ ఎంత ఏడిస్తే నా లోటా అంత నిండేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఊళ్ళోనే ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. మొదటిసారి ఆయన చెప్పింది తప్పు కాదు. ఇది కోలిక్, రోజుకు 3 గంటలకు పైగా, వారానికి 3 రోజులకు పైగా ఏడుస్తారు, ఆరో వారం దగ్గర ఎక్కువవుతుంది, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది అన్నాడు. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. మా అక్క కూతురు అట్లే ఏడ్చి ఏడ్చి ఒకరోజు మానేసింది. గ్యాస్ చుక్కలు రాసిచ్చాడు, తెచ్చుకున్నాం.

రెండోసారి వెళ్ళేటప్పటికి విరేచనం మారింది. ఆకుపచ్చగా, చీమిడిలా జిగురు. బుగ్గల మీద ఎర్రటి గరుకు. నేను ఫోన్లో ఫోటో తీసుకెళ్ళాను. ఆయన ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. "అది లోపల పెట్టమ్మా. మొదటి కాన్పు కదా, నీకు టెన్షన్ ఎక్కువ. నీ టెన్షనే బిడ్డకు జబ్బు. పాలు కూడా చాలినట్టు లేవు, డబ్బా పాలు కలుపుకో." బయట కుర్చీలో మా అమ్మ, అవ్వ, ఇంకో పదిమంది. తలుపు తెరిచే ఉంది. అందరూ విన్నారు.

నీ టెన్షనే బిడ్డకు జబ్బు. ఆ మాట తర్వాత పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ, నా గుండె దడ పాలతోపాటు వాడి లోపలికి పోతోందేమోనని భయపడేదాన్ని. నిద్రలేని మనిషితో అనే మాటేనా అది? రాత్రిళ్ళు మేలుకునేది నేను. డాక్టరే అన్నాడు కదా అని అమ్మ డబ్బా తెచ్చింది. నేనూ కాదనలేదు, నన్ను నేను నమ్మడం అప్పటికే మానేశాను.

డబ్బా మొదలుపెట్టిన మూడో రాత్రి. వాడికి ఏడు వారాలు. కరెంటు పోయింది. ఒంటిగంట అయ్యుంటుంది. గుడ్డ తడిసిందని సెల్‌ఫోన్ లైట్ వేసుకుని విప్పాను. జిగురు మధ్యలో ఎర్రగా దారాలు. ముందు నాయన మగ్గం నూలు అనుకున్నాను, నిజంగా. ఎర్ర నూలు గుడ్డకు అంటుకుందేమోనని వేలితో లాగాను. అది తెగలేదు, వేలికి పులుముకుంది. లైటు దగ్గరగా పెట్టి ఆ వేలిని ఎంతసేపు చూశానో తెలీదు. తర్వాత అరిచాను.

ఇల్లంతా లేచింది. పక్కింటామె కూడా లేచి వచ్చింది. రక్తం చూసి, "నేను మొదటినుంచీ చెప్తాండా, ఇంక తడవు చేయొద్దు" అని వంటింట్లోకి పోయింది. స్టవ్ వెలిగించిన శబ్దం. పసుపు కాలే వాసన. మా అమ్మ ఆపలేదు. అమ్మను తప్పు పట్టను, ఆమె చేతులు వణుకుతున్నాయి, ఎవరు ఏది చెప్తే అది చేసే స్థితిలో ఉంది. నేను బిడ్డను గుండెకు అదుముకుని గదిలోకి పోయి గడియ వేసుకున్నాను. బయట తలుపు తడుతున్నారు. లోపల వాడు అరుస్తున్నాడు. కుట్ల దగ్గర నొప్పి. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ పది నిమిషాల్లో ఉరుకుంద ఈరన్న స్వామికి ఏమేం మొక్కానో నాకే గుర్తులేదు.

గడియ తీయించింది నాయన. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "కారు వచ్చింది, రామ్మా, కర్నూలు పోదాం" అన్నాడు, అంతే. ఎప్పుడు ఎవరికి ఫోన్ చేశాడో!

కర్నూలులో బళ్ళారి చౌరస్తా చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. దారంతా నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉన్నాను. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్, కుర్రవాడు, నిద్రమత్తులోనే ఉన్నా వరసగా అడిగాడు. ఆకుపచ్చ వాంతులు అయ్యాయా? జ్వరం ఉందా? పాలు పూర్తిగా మానేశాడా? పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా? పేగులోకి పేగు చొచ్చుకుపోతే కూడా రక్తం పడుతుందని, ఈ వయసులో తక్కువే అయినా చూడాల్సిందేనని స్కాన్ చేయించాడు. అది లేదు. రక్తపరీక్షలు, మలపరీక్ష, ఆ గొడవంతా ఇక్కడ రాయను.

పొద్దున పిల్లల డాక్టరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ముందు చేతులు కడుక్కుని, వేడి చేసుకుని, వాడి బట్టలన్నీ విప్పించింది. చెవులు చూసింది, నోట్లో లైటు వేసి చూసింది, గజ్జల్లో వాపు ఉందేమోనని నొక్కి చూసింది. మేజోళ్ళు తీసి ఒక్కొక్క కాలివేలు విడదీసింది. ఎందుకు మేడం అన్నాను. "కాన్పు తర్వాత తల్లికి జుట్టు ఊడుతుంది కదా. ఒక్క వెంట్రుక బిడ్డ వేలికి చుట్టుకుని బిగుసుకుంటే ఇట్లే గుక్కపెట్టి ఏడుస్తారు. నేను చూశాను" అంది. మలద్వారం దగ్గర చీలిక లేదని చూసుకుంది. మా అమ్మ సంచిలో కట్టుకొచ్చిన గుడ్డను తనే విప్పి వెలుతురులో పెట్టి చూసింది.

తర్వాత బరువు చూసింది. 4.1 కిలోలు. పుట్టినప్పటి కార్డు పక్కన పెట్టుకుని మా అమ్మ వైపు తిరిగింది. "పాలు చాలడం లేదని ఎవరన్నారు? ఏడు వారాల్లో కిలో పైన ఎక్కినాడు. ఇదంతా ఎక్కడినుంచి వచ్చింది? ఈ పిల్ల పాలే కదా."

నేను అక్కడే ఏడ్చేశాను. అది కూడా బిడ్డ ఏడ్చినట్టే, గుక్కపెట్టి. డాక్టరమ్మ ఆపమనలేదు. నర్సుతో నీళ్ళు తెప్పించి, తాగాక అడిగింది: "ఇప్పుడు చెప్పు. రోజంతా నువ్వేం తింటున్నావు?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. లోటా సంగతి చెప్పాను. ఆమె నవ్వింది.

పాలల్లోని ప్రోటీన్ కొందరు పసిబిడ్డల పేగుకు పడదు. తల్లి తాగిన ఆవు పాలు, బర్రె పాలల్లోని ఆ ప్రోటీన్ కొంచెం చనుబాలలోకి వస్తుంది. దానికే పేగు లోపలి పొర వాచి, జిగురు, రక్తపు చారలు పడతాయి. డబ్బా పాలు ఆవు పాలతోనే చేస్తారు కాబట్టి అది ఇంకా నేరుగా తగిలింది. లాక్టోజ్ పడకపోవడం ఇది కాదని కూడా చెప్పింది. లాక్టోజ్ అనేది పాలల్లోని చక్కెర, అది తల్లిపాలల్లోనే బోలెడంత ఉంటుంది. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారట. మందు ఏమీ లేదు. డబ్బా ఆపాలి, చనుబాలు ఆపకూడదు, నేను పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, కోవా అన్నీ మానేయాలి. రెండు నుంచి నాలుగు వారాలు చూద్దాం అంది. మేకపాలు తాగొచ్చా అని అవ్వ అడిగింది. వద్దు, వాటిలోని ప్రోటీన్ కూడా దాదాపు అదే అంది.

మానేయడం అంటే ఏమిటో ఇంటికొచ్చాక తెలిసింది. బిస్కెట్ ప్యాకెట్టు వెనక్కి తిప్పితే పాలపొడి. బ్రెడ్డులో పాలు. టీ లేదు. పెరుగు లేకుండా అన్నం ముగించడం రాయలసీమ ఎండాకాలంలో ఎంత కష్టమో చెప్పలేను. రాగి సంగటి, వేరుసెనగ ఊరిబిండి, నువ్వుల పొడి, జొన్నరొట్టె, పప్పు, మధ్యలో కాల్షియం మాత్ర. పొద్దున ఉగ్గాని. నాలుగో రోజు గుడ్డలో ఎరుపు కనపడలేదు. జిగురు పదిరోజులకు తగ్గింది. ఏడుపు ఒక్కసారిగా పోలేదు. మూడు గంటలది రెండు గంటలయింది, తర్వాత గంట. ఒక సాయంత్రం నాయన మగ్గం ఆపాడు. వాడు ఏడవలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

పాలు మానేసిన ఐదో వారంలో మళ్ళీ ఎర్ర చార. నాకు పిచ్చిపట్టినట్టయింది. ఏం తిన్నానో వెనక్కి లెక్కపెట్టుకుంటుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి, "పప్పులో ఒక్క చెంచా నెయ్యి ఏసినా. నెయ్యి పాలు కాదు కదా అనుకున్యా. నువ్వు చిక్కిపోతాండావని..." అంది. ఆ రోజు అమ్మను అన్న మాటలు రాయను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొత్త కళాయి, కొత్త గరిటె కొనుక్కొచ్చి, నా వంట వేరుగా చేయడం మొదలుపెట్టింది. డాక్టరమ్మకు ఫోన్లో చెబితే, "సరే, మనం చేయాల్సిన పరీక్ష మీ అమ్మే చేసేసింది, కారణం ఖాయమైంది" అంది.

ఇట్ల ఏడ్చే బిడ్డలున్న తల్లులకు ఒక మాట. ప్రతి ఏడుపూ ఇదే అని పాలు మానేయకండి. ఎక్కువమందికి అది కోలిక్కే, కాలం గడిస్తే పోతుంది. కానీ ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, ఉబ్బిన పొట్ట, పాలు ముట్టకపోవడం, బిడ్డ వేలాడిపోవడం, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, వీటిలో ఏది కనపడినా తెల్లవారేదాకా ఆగొద్దు. గుడ్డ ఫోటో తీసి పెట్టుకోండి. చూడనంటే చూసే డాక్టర్ దగ్గరికి పోండి.

నేను అప్పుడప్పుడు ఆ మొదటి ఆసుపత్రి ముందునుంచి పోతుంటాను. లోపలికి పోయి ఆ ఫోటో బల్లమీద పెట్టాలనిపిస్తుంది. ఒకసారి మెట్లదాకా పోయాను కూడా. చంకలో బిడ్డను వేసుకుని బయట నిలబడ్డ తల్లులను చూసి వెనక్కి వచ్చేశాను. ఎందుకు వచ్చేశానో నాకు తెలీదు. పోయుండాల్సింది.

ఏడాది నిండాక డాక్టరమ్మ చెప్పినట్టు ముందు పాలు కలిపి కాల్చిన బిస్కెట్టు చిటికెడు, తర్వాత కొంచెం ఎక్కువ, అట్ల రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పెరుగన్నం తింటున్నాడు. ముఖం నిండా పూసుకుంటాడు. శ్రావణంలో ఉరుకుంద పోయి పుట్టువెంట్రుకలు తీయించాం. మొక్కు స్వామిది, బిడ్డను నిలబెట్టింది డాక్టరమ్మ. రెండూ నాకు ఒక్క నోటితోనే వస్తాయి, ఎవరేమనుకున్నా.

తిరిగి వచ్చిన రోజు పక్కింటామె గుండుబాబును చూడటానికి వచ్చింది. చొక్కా పైకెత్తి కడుపు నిమిరింది. "ఎంత సల్లగుందో సూడు" అని మురిసిపోయింది. ఆమెకు వాడంటే నిజంగా ప్రేమే. తర్వాత నా వైపు చూసి, "ఆ పొద్దు చురక పెట్టనిచ్చింటే నీకు ఇన్ని తిప్పలు తప్పుండె" అంది.

చొక్కా కిందికి లాగి, వాణ్ణి ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.