పాప గుడ్డల మీద మరక

పాప పుట్టినప్పుడు మా అమ్మ తన పాత కాటన్ చీరలు చింపి గుడ్డలు చేసింది. పొన్నూరు దగ్గర మా పుట్టింట్లో దండెం నిండా అవే ఆరుతుండేవి. ఎంత ఉతికినా పాప ఉచ్చ పోసిన చోట పసుపు మరక పోయేది కాదు. పసిబిడ్డ ఉచ్చ నీళ్ళలా ఉండాలని, గుడ్డకి రంగు అంటకూడదని అప్పుడు నాకు తెలీదు. మోషన్ మాత్రం తెల్లగా, సున్నపు ముద్దలా వెళ్ళేది. పాలు తాగే బిడ్డ కదా, పాల రంగేలే అన్నారు పెద్దవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను.

మూడో రోజున వచ్చిన కామెర్లు లైటు కింద పెడితే కొంచెం తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. నెలన్నర టీకాకి తీసుకెళ్ళినప్పుడు కళ్ళు పచ్చగా ఉన్నాయని చూపిస్తే, "పొద్దున పూట ఎండలో పెట్టండమ్మా, అదే పోతుంది" అన్నారు ఒక డాక్టరు గారు. పెట్టాను. ఊళ్ళో వాళ్ళు చెబితే మూడు ఆదివారాలు పసరు కూడా పోయించాం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

తొంభై నాలుగో రోజున పొట్ట ఉబ్బిందని గుంటూరు కొత్తపేటలో వేరే పిల్లల డాక్టరు గారికి చూపించాం. ఆయన పాపని చూసే ముందు డైపర్ విప్పి చూశారు. "ఈ రంగు ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు. మొదటి నుంచీ అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రక్తపరీక్షలో కామెర్లకి కారణమయ్యే పసుపు పదార్థం, బిలిరుబిన్, మొత్తం 11.2. అందులో డైరెక్ట్ అనే రకం 7.9. అప్పుడే పుట్టిన పిల్లలకి మామూలుగా వచ్చే కామెర్లలో పెరిగేది ఇన్‌డైరెక్ట్ అనే రెండో రకం. డైరెక్ట్ ఒకటి దాటిందంటే లివర్ సంగతి వెంటనే చూడాలట. మా పాపది బిలియరీ అట్రీసియా. లివర్ నుంచి పేగుల్లోకి పైత్యరసాన్ని తెచ్చే నాళాలు మూసుకుపోయాయి. మోషన్‌కి పసుపు రంగునిచ్చేది ఆ రసమే. అది లోపలే నిలిచిపోయి లివర్‌ని పాడుచేస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు నేనేం తిన్నానని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తల్లి తిండి వల్ల వచ్చేది కాదని డాక్టరు గారు మా అత్తయ్యకి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

దీనికి మొదట చేసేది కసాయి ఆపరేషన్. మొరియో కసాయి అనే జపాన్ సర్జన్ 1950ల్లో కనిపెట్టిన పద్ధతి. పేగుని తెచ్చి నేరుగా లివర్‌కి కుడతారు. ఆ పేరు వినగానే అత్తయ్య పాపని గుండెకి హత్తుకుని "కసాయేంటి, నా బిడ్డకి కసాయేంటి" అని ఏడ్చింది. అరవై రోజుల్లోపు చేస్తే బాగా పనిచేసే అవకాశం ఎక్కువట. మేం చెన్నై చేరేసరికి నూరు రోజులు దాటాయి, లివర్ గట్టిపడిపోయింది. ఇక ఇంట్లో ఒకరి లివర్‌లోంచి ముక్క తీసి పెట్టే లివర్ మార్పిడే దారన్నారు.

పాపది ఓ పాజిటివ్. ఓ గ్రూపు వాళ్ళకి మామూలుగా ఓ వాళ్ళే ఇవ్వాలి. నాది బి. అత్తయ్యది ఓ, కానీ ఆవిడకి షుగరు. మిగిలింది మా ఆయన. స్కాన్ తీస్తే ఆయన లివర్‌లో కొవ్వు. తగ్గించుకుని రమ్మన్నారు. ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. మా పాప జబ్బు సరిగ్గా సీజన్‌లో ముదిరింది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఎన్టీఆర్ స్టేడియంలో గంటన్నర నడిచి, అటునుంచి అటే యార్డుకి వెళ్ళేవారు. అన్నం మానేశారు, నూనె మానేశారు. ఒక రాత్రి పాప పొట్టలోంచి నీరు తీయించుకుని వచ్చాక, పక్కన పడుకుని చీకట్లో "నావల్లే ఆలస్యమవుతోంది కదా" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే. ఏడు వారాల్లో ఎనిమిది కిలోలు తగ్గారు.

డబ్బుకి ముప్పావు ఎకరం అమ్మాం, ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకున్నాం. యార్డులో హమాలీలు చందాలేసుకుని మిర్చి ఘాటు వాసనొచ్చే కవరొకటి తెచ్చిచ్చారు. ఆ కవరు ఇప్పటికీ బీరువాలో ఉంది.

మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు తెనాలిలో చెన్నై వెళ్ళే పినాకిని రైలు ఎక్కాం. పాపకి తొమ్మిదో నెల, ఆరు కిలోల రెండు వందలు. ఆపరేషన్‌కి ముందు ఆయన్ని ఒక్కరినే కూర్చోబెట్టి, ఎవరూ బలవంతపెట్టలేదు కదా అని వీడియో తీస్తూ అడిగారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద అది తప్పనిసరి. ఆయన లివర్‌లో ఎడమ పక్క చిన్న ముక్క, దాదాపు పావు వంతు, తీసి పాపకి పెట్టారు. ఆయనకి పోయినంతా రెండు మూడు నెలల్లో మళ్ళీ పెరిగింది. ఆ రోజు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నేను రెండు థియేటర్ల మధ్య బెంచీ మీద ఉన్నాను. ఏం ఆలోచించానో గుర్తులేదు.

ఐదో రోజు పొద్దున ఐసీయూలో మలయాళీ సిస్టర్ ఒకామె పరుగున వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. భయంతో కాళ్ళు ఆడలేదు. ఆమె డైపర్ విప్పి చూపించింది. పసుపు. ఆవపిండి కలిపినట్టు పచ్చటి పసుపు. పుట్టిన తొమ్మిది నెలలకి మొదటిసారి. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ సిస్టర్‌కి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. ఇద్దరం ఏడ్చాం. ఫోటో తీసి పక్క వార్డులో ఉన్న ఆయనకి పంపాను.

మూడో వారంలో జ్వరమొచ్చి రక్తంలో లివర్ ఎంజైములు పెరిగాయి. రిజెక్షన్ అన్నారు, అంటే పాప ఒళ్ళు కొత్త లివర్‌ని ఒప్పుకోవడం లేదట. బయాప్సీ చేశారు, మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తే దారికొచ్చింది.

ఇప్పుడు పాపకి నాలుగున్నరేళ్ళు. ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది, టాక్రోలిమస్. కొత్త లివర్‌ని ఒళ్ళు తోసేయకుండా ఆపే మందు. పెళ్ళిలో ఉన్నా, రైల్లో ఉన్నా అలారం మోగుతుంది. రక్తపరీక్ష రోజు మాత్రం రక్తం ఇచ్చాకే పొద్దుటి మందు వేస్తాం. ఆయన యార్డు నుంచి వచ్చి స్నానం చేశాకే పాపని ఎత్తుకుంటారు. పాపకి లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి, వద్దన్నారు. అందుకే పల్స్ పోలియో ఆదివారం ఆశా అక్క వస్తే, చుక్కలు వద్దని ఫైలు తీసి చూపిస్తాను. మొన్న వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపరపనస కోసం పాప గొడవ చేసింది. ఆ పండు తింటే రక్తంలో టాక్రోలిమస్ ఎక్కువైపోతుంది. అత్తయ్య దాన్ని తీసేసి వేరే పండు పెట్టింది. మరుసటి ఏడాది నుంచి అసలు కట్టనంది.

పై వాటాలో వాళ్ళమ్మాయి పోయిన నెల పురుడు పోసుకుంది. పద్దెనిమిదో రోజున బిడ్డని చూడ్డానికి వెళ్ళాను. కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి. అందరూ ఎవరి పోలికో చూస్తుంటే నేను డైపర్ చూపించమన్నాను. ఆ అమ్మాయి ముందు మొహమాటపడింది, తర్వాత చూపించింది. రంగు పసుపే. అయినా రెండు వారాలు దాటింది కదా, డైరెక్ట్ బిలిరుబిన్ చేయించమ్మా అని చెప్పి, ఆటో మాట్లాడి నేనే వెంట వెళ్ళాను. సాయంత్రం రిపోర్టు వచ్చింది. 0.4.