ఆయన నీళ్లు తాగడం మానేసింది ఇందుకా
మా నాన్నకి 68. ఏడాదిగా రాత్రి నాలుగైదు సార్లు బాత్రూమ్ లైట్ వెలుగుతూనే ఉంది, మేమేమో షుగరేమో అనుకుని టెస్ట్ చేయించి నార్మల్ వచ్చిందని వదిలేశాం. ఆయనేమో సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు ముట్టడు, మేనకోడలి పెళ్లికి బస్సులో వెళ్దాం రమ్మంటే మోకాళ్ల నొప్పులన్నాడు, అసలు సంగతి మధ్యలో బస్సు ఆపరని భయం అంట!! మొన్న జలుబుకి మెడికల్ షాపులో ఏదో టాబ్లెట్ తెచ్చుకుని వేసుకున్నాడు, అర్ధరాత్రికి యూరిన్ పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు రాయిలా అయిపోయింది, హాస్పిటల్లో పైప్ వేస్తే బ్యాగులోకి 900 ఎంఎల్ వచ్చింది. అప్పుడు ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చేసింది.

ప్రోస్టేట్ పెరిగిందంట, అంటే మగాళ్లకి మూత్రసంచి కింద యూరిన్ దారి చుట్టూ ఉండే గ్రంథి. 60 దాటిన మగాళ్లలో దాదాపు సగం మందికి ఉండేదేనంట, కొన్ని జలుబు మాత్రలు ఆ దారిని ఇంకా బిగించేస్తాయంట. స్కానింగ్, పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ బ్లడ్ టెస్ట్ అన్నీ చూసి క్యాన్సర్ కాదన్నారు. ఇప్పుడు రాత్రిపూట యూరిన్ సాఫీగా రావడానికి టామ్సులోసిన్ అనే మాత్ర, అది వేసుకుని గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయని మంచం పక్కనే కుర్చీ వేశాం.

తమాషా ఏంటంటే, ఈ సంగతి తెలిశాక మా వీధిలో బాబాయిలు ఒక్కొక్కళ్లే వచ్చి గొంతు తగ్గించి "ఆ డాక్టరు ఎక్కడ్రా" అని అడుగుతున్నారు.