హన్మకొండలో ఉండి స్వీడన్ మీద ప్రాజెక్టు చేశాను: నా అనుభవం

దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ చేసేవాళ్లు ప్రాజెక్టు అనగానే దగ్గర్లోని ఒక ఊరు తీసుకుని, ప్రశ్నలు జిరాక్స్ తీయించి ఇంటింటికీ తిరుగుతారు. అది మంచి పనే. నాకు మాత్రం వేరే ప్రశ్న ఉండేది. నేను ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతాను. హన్మకొండలో ఏ సందులోకి వెళ్లినా కాలేజీయో హాస్టలో కనిపిస్తుంది, ఊళ్లలో ఎకరం అమ్మి మరీ పిల్లల్ని తెచ్చి ఇక్కడ చేర్పిస్తారు, చదివితే ఉద్యోగం వస్తుందా రాదా అని అందరూ అడుగుతారు గానీ ఈ చదువు ఆ పిల్లను ఎలాంటి మనిషిగా తయారు చేస్తుందని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు ఎదురు కాలేదు. బాగా అభివృద్ధి చెందిన ఒక దేశంలో చదువు, ఆధునికత మనుషుల విలువల్ని ఎట్లా మార్చాయో ముందు చూద్దామని స్వీడన్‌ను ఎంచుకున్నాను.

గైడ్ మేడం మొదట ఒప్పుకోలేదు. "స్వీడన్ పోకుండా స్వీడన్ మీద ఏం రాస్తవమ్మా?" అన్నారు. దానికి జవాబు వరల్డ్ వాల్యూస్ సర్వే. 1981 నుంచి విడతలుగా అనేక దేశాల్లో ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతూ వస్తున్న సర్వే ఇది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోనాల్డ్ ఇంగల్‌హార్ట్ దీన్ని నడిపించాడు. ఆ సమాచారమంతా ఉచితం, పేరు, ఎందుకు వాడుతున్నామో రాస్తే డౌన్‌లోడ్ అవుతుంది. స్వీడన్ కావాలంటే ఆరో విడత తీసుకోండి, అందులో 2011లో అడిగిన 1206 మంది జవాబులున్నాయి. ఏడో విడత సమయంలో స్వీడన్ సర్వేను యూరోపియన్ వాల్యూస్ స్టడీ అనే ఇలాంటిదే మరో సర్వే వాళ్లు చేశారు, ఆ ఉమ్మడి ఫైలు కొత్తవాళ్లకు కొంచెం గందరగోళంగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ గురించి చాలామంది భయపడతారు. సర్వే లెక్కలు చేసే ఎస్‌పీఎస్‌ఎస్ కొనక్కర్లేదు, పీఎస్‌పీపీ అని ఉచితంగా దొరుకుతుంది, అదే ఫైలు అందులో తెరుచుకుంటుంది. తెరవగానే చేయాల్సిన పని ఒకటుంది. జవాబుల గళ్లలో మైనస్ 1 అంటే తెలియదన్నవాళ్లు, మైనస్ 2 అంటే జవాబు చెప్పనివాళ్లు. వీటిని లెక్కలోంచి తీసేయకపోతే సగటులన్నీ తప్పుతాయి. ఏ అంకె ఏ జవాబుకో చెప్పే కోడ్‌బుక్ ప్రింట్ తీసుకుని పక్కన పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

నాకు అన్నిటికంటే నచ్చింది పిల్లల గురించిన ప్రశ్న. ఇంట్లో పిల్లలకు నేర్పాల్సిన గుణాల్లో ముఖ్యమైనవి ఐదు వరకు ఎంచుకోమంటారు. స్వతంత్రంగా నిలబడటం, కష్టపడటం, బాధ్యత, ఊహాశక్తి, ఇతరులను సహించి గౌరవించడం, పొదుపు, పట్టుదల, దైవభక్తి, స్వార్థం లేకపోవడం, చెప్పిన మాట వినడం, తన మనసులోది బయటపెట్టగలగడం, ఇదీ జాబితా. స్వీడన్ వాళ్లలో ఎక్కువమంది స్వతంత్రత, సహనం, బాధ్యత ఎంచుకున్నారు. మాట వినడం, దైవభక్తి అన్నవాళ్లు చాలా కొద్దిమంది. ఇంకో ప్రశ్న, చాలామంది మనుషుల్ని నమ్మవచ్చా అని. అక్కడ పదిమందిలో ఆరుగురు నమ్మవచ్చన్నారు, ప్రపంచంలో అది చాలా ఎక్కువ.

చదువు వల్లే ఇదంతా అని రాసేయడం సులువు. కానీ స్వీడన్ చరిత్ర చదివితే కథ అంత తిన్నగా లేదు. 1686లో చర్చి చట్టం ఆడామగా, పనివాళ్లతో సహా అందరూ మతగ్రంథం చదవగలగాలంది. పాస్టర్లు కుటుంబాలను కూర్చోబెట్టి చదివించి చూసి, ఎవరికి ఎంత వచ్చో రిజిస్టర్లలో రాసేవారు. 1842లో ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి కింద ఉండే ప్రాంతంలోనూ, బడి ఉండాలని చట్టం వచ్చింది. అంటే దేశం పేదగా ఉన్న రోజుల్లోనే జనానికి చదవడం వచ్చు. అయినా 1867 నుంచి కరువొచ్చింది, 1850 నుంచి 1930 దాకా పది లక్షల మందికి పైగా అమెరికాకు వలస పోయారు. ఈ భాగం చదువుతుంటే నాకు జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయినవాళ్లే కళ్లముందు కనిపించారు. చదవడం వచ్చినంత మాత్రాన బతుకు గడవదన్న భయం పోలేదు.

భయం తగ్గించిన పనులు ఇరవయ్యో శతాబ్దంలో జరిగాయి. 1962లో అందరు పిల్లలకూ తొమ్మిదేళ్ల ఉమ్మడి బడి. 1971లో భార్యాభర్తలకు విడివిడిగా పన్ను, దాంతో ఆడవాళ్లు ఉద్యోగం చేయడం లాభమైంది. 1974లో బిడ్డ పుడితే తండ్రికి కూడా సెలవు తీసుకునే హక్కు. 1979లో పిల్లల్ని కొట్టడం నిషేధించారు, ప్రపంచంలో అదే మొదటి దేశం, పాల డబ్బాల మీద కూడా ఆ సంగతి అచ్చేసి ఇంటింటికీ చేరవేశారు. పిల్లకు మాట వినడం కంటే స్వతంత్రత ముఖ్యమని 2011లో చెప్పిన పెద్దవాళ్ల వెనక ఇంత ఏర్పాటు ఉంది.

ఇంగల్‌హార్ట్ చెప్పింది కూడా ఇదే. ఏది కొరతగా ఉంటే మనిషి దానికే ఎక్కువ విలువిస్తాడు, పెద్దవాడయ్యేలోపు అనుభవించిన లోటో భద్రతో ఆ తర్వాత చాలావరకు వెంటే ఉంటుంది. అందుకే దేశం ధనికమైన మరుసటి ఏడాదే విలువలు మారవు, తరం మారాలి. దక్షిణ కొరియాలో యుద్ధం, ఆకలి చూసిన ముసలివాళ్లకూ వాళ్ల మనవళ్లకూ మధ్య అంత దూరం ఎందుకుందో దీంతో నాకు అర్థమైంది. అమెరికా ధనిక దేశమే, చదువుకున్న దేశమే, అయినా దైవభక్తిలో స్వీడన్ కంటే చాలా ముందుంటుంది, కాబట్టి ఒక్క సూత్రంతో అన్నీ తేలవు.

ఇంగల్‌హార్ట్ నాలుగు లక్ష్యాలిచ్చి అందులో రెండు ఎంచుకోమనే ప్రశ్న ఒకటుంది. దేశంలో శాంతిభద్రతలు, ప్రభుత్వ నిర్ణయాల్లో జనం మాట, ధరల అదుపు, వాక్ స్వాతంత్ర్యం. పరకాల దగ్గర ఊళ్లో ఉండే మా నాయనమ్మను అడిగాను. "ధరలు తగ్గాలె బిడ్డా, లొల్లి లేకుండ ఉండాలె, ఇంకేం గావాలె" అంది. నా సెకండియర్ పిల్లల్లో చాలామంది మాట్లాడే స్వేచ్ఛను ఎంచుకున్నారు. ఆమె చిన్నప్పుడు గటక తాగి పెరిగింది, వీళ్లకు పూట గడవని రోజు తెలియదు. ఇది సర్వే కాదు, ప్రాజెక్టులో పెట్టలేదు కూడా, కానీ ఇంగల్‌హార్ట్ వాదన నాకు ఒంటపట్టింది అక్కడే.

లెక్కల్లో అన్నిటికంటే కష్టమైన చోటు వయసుకీ చదువుకీ ఉన్న ముడి. స్వీడన్‌లో కుర్రవాళ్లు ముసలివాళ్లకంటే ఎక్కువ చదివారు, కాబట్టి ఫలానా విలువ చదువు వల్ల వచ్చిందా తరం వల్ల వచ్చిందా తెలియాలంటే ముందు వయసుల వారీగా విడగొట్టి, ఒకే వయసువాళ్లలో చదువు తేడా చూడాలి. అలా చూసినా మనుషుల మీద నమ్మకం ఎక్కువ చదివినవాళ్లలోనే ఎక్కువ కనిపించింది. అయితే 1206 మందిని ఇన్ని గుంపులుగా చేస్తే కొన్ని గళ్లలో మిగిలేది కొద్దిమందే, ఆ సంగతి టేబుల్ కిందే రాయాలి.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ సూటిగా అడిగారు, "మన పిల్లలూ చదువుతున్నరు కదా, మరి ఇక్కడ స్వతంత్రత ఎందుకు రావట్లేదు?" అని. ఒక్క ర్యాంకు తప్పితే ఇంటిల్లిపాదీ అప్పులో పడుతుందన్న భయంతో చదివే పిల్లకు మాట వినడమే సురక్షితమైన దారి, చదువుతో పాటు పడిపోతే పట్టుకునే ఏర్పాటు కూడా ఉన్నచోటే పిల్ల తన ఇష్టం తాను చెప్పగలుగుతుంది అన్నాను. ఆయన సగమే ఒప్పుకున్నారు. కులం, ఉమ్మడి కుటుంబం సంగతి ఎక్కడ అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న, దానికి స్వీడన్ ఫైల్లో జవాబు దొరకదు.

అందుకే ఇప్పుడు ఆ పిల్లల గుణాల జాబితానే మా ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు ఇస్తున్నాను, పిల్లలతో విడిగా నింపిస్తున్నాను. కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఎవరైనా ఇదే చేయాలనుకుంటే ఆరో విడతలో ఉన్న వరుసలోనే అడగండి, ఐదుకు మించి టిక్ పెట్టనివ్వకండి, తల్లినీ తండ్రినీ వేరువేరుగా అడగండి. అప్పుడు మీ జవాబులూ నా జవాబులూ ఒక్కచోట పెట్టి చూడొచ్చు.