నంబరు చూసి ఎక్కు అల్లుడా

సికింద్రాబాద్ స్టేషన్ బయటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. కాజీపేట నుంచి నిలబడే వచ్చాను, కాళ్లు పీకుతున్నాయి. మామ రాత్రే ఫోన్లో చెప్పాడు: "5కే ఎక్కు. ట్యాంక్‌బండ్ మీదికెల్లి వస్తది. లక్డీకాపూల్‌ల దిగు, నేనాడ ఉంట."

ఎదురుగా మెహదీపట్నం బోర్డుతో బస్సు కదలబోతోంది. బోర్డు మీద ఊరిపేరు తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఉంది. మూడు భాషల్లోనూ మెహదీపట్నమే కదా అని ఎక్కేశాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. బేగంపేట దాటింది. హుస్సేన్‌సాగర్ ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని మెడ చాపి చూస్తూనే ఉన్నాను. పంజాగుట్ట వచ్చింది కానీ సాగర్ రాలేదు. పక్కాయన్ని అడిగితే నవ్వాడు. "ఇది 49ఎం భాయ్. ట్యాంక్‌బండ్ ఇటు రాదు."

మాసాబ్‌ట్యాంక్ దగ్గర దిగి మామకు ఫోన్ చేస్తే అటునుంచి కాసేపు మాటే లేదు. "నంబరు ఎక్కినంక చూస్తరా అల్లుడా? ఎక్కకముందు చూడాలె. ఆడనే ఎదురుంగ నిలబడు, కోఠి పోయే బస్సేదైనా లక్డీకాపూల్ వస్తది."

మా మామ ముప్పై ఏళ్లకు పైగా సిటీ బస్సుల్లో కండక్టరు. రిటైరై చాలాకాలమైంది. హైదరాబాద్ అంటే నాకు తెలిసింది పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ వచ్చి ఆటోలో తిరిగిన ఊరు, ఈమధ్య మెట్రోలో పైనుంచి చూసిన ఊరు. "ఒక్కరోజు నీ బస్సుల్లో తిప్పు మామా" అని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. తీరా ఆ రోజొస్తే మొదటి బస్సే తప్పు ఎక్కాను. నిజానికి ఆ తప్పే నాకు మొదటి పాఠమైంది. సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నానికి 5కే, 49ఎం రెండూ పోతాయి. ఒకటి చెరువు గట్టు మీదుగా పోతే, ఇంకోటి బేగంపేట, పంజాగుట్ట చుట్టి వస్తుంది. ఈ ఊళ్లో బోర్డు మీద పేరు ఎక్కడికి పోతావో చెప్తుంది, ఎట్లా పోతావో చెప్పేది నంబరే.

మాసాబ్‌ట్యాంక్‌లో నాతోపాటు ఒకామె గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెస్తున్న బంతిపూల మూటతో ఎక్కింది. ముందు డోరు నుంచి, మూట ముందు, మనిషి వెనక. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో తాడుకు కట్టుకుంది. కండక్టరమ్మ దాన్ని సరిగ్గా చూడనన్నా చూడలేదు, రోజూ చూసే మొహమేమో. మిషన్ నొక్కి జీరో టికెట్ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని నిలువుగా మడిచి గాజుల సందున దోపుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు. మగవాళ్లకు సీటు దొరకట్లేదని గొణిగేవాళ్లను మా ఊళ్లోనూ విన్నాను. నేనూ ఒకటి రెండుసార్లు గొణిగాను, అబద్ధమెందుకు. కానీ ఆ పూలమూట ఆటోలో రావాలంటే సగం పూల లాభం ఆటోకే పోయేది.

లక్డీకాపూల్‌లో మామ ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే నన్ను తిట్టాలని ముందే సిద్ధం చేసుకున్నట్టున్నాడు కానీ, జనంలో మొహమాటపడి ఊరుకున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో దిగి గౌలిగూడ వైపు నడిచాం.

"ఇగో, ఇక్కడుండె హ్యాంగరు" అన్నాడు మామ, ఒక ఖాళీ జాగా వైపు చెయ్యి చూపి.

నాకేం కనబడలేదు. ఆయనకు మొత్తం కనబడుతోంది. అర్ధచంద్రంలా వంగిన ఇనుప రేకుల కప్పు. విమానాలు పెట్టుకోవాల్సిన షెడ్డు అది, అమెరికాలోని మిసిసిపీ నుంచి తెప్పించారని చెప్పుకుంటారు. అందుకే దాని పేరే మిసిసిపీ హ్యాంగరైంది. నిజాం కాలంలో దాన్ని బస్సులకు ఇచ్చారు. 1932లో ఇక్కడ ప్రభుత్వ బస్సులు మొదలైనప్పుడు వాటికి విడిగా సంస్థంటూ లేదు. నిజాం రైల్వేలోనే ఒక విభాగం, రైలూ రోడ్డూ కలిపి ఒకే ఖాతా. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఈ రెండంకెలూ మామకు కంఠతా వచ్చు, తన పెళ్లిరోజు కూడా అంత ఖచ్చితంగా చెప్పలేడు.

"వాన పడ్డదనుకో, రేకుల మీద సప్పుడుకు ఎవలేం అంటున్నరో ఇనబడకపోతుండె. రూటు పేరు చెవుల ఒర్రి చెప్పాలె."

1994లో ఇమ్లీబన్‌లో, మూసీ నడుమ, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ కట్టాక జిల్లాల బస్సులన్నీ అటు పోయాయి. 70కి పైగా ప్లాట్‌ఫారాలున్న ఆ పెద్ద బస్టాండు ముందు ఈ హ్యాంగరు పాతబడిపోయి, సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులై 5న పొద్దున్నే కుప్పకూలింది. ప్రమాదం ఉందని కొన్నాళ్ల ముందే మూసేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. మామ ఆ మధ్యాహ్నమే వచ్చి చూశాడట. ఏం చూశావంటే చెప్పలేదు. ఛాయ్ తాగుదామన్నాడు.

ఇరానీ హోటల్లో కూర్చున్నాక జెడ్ సంగతి వచ్చింది. ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేట్ల మీద జెడ్ అక్షరం ఉంటుంది, గమనించే ఉంటారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం పెట్టించాడని ఊరంతా చెప్పుకునే కథ. "కథ కాదు, నిజం" అన్నాడు మామ. కాగితమేదన్నా చూశావా అని అడిగితే, "తల్లి పేరుకు కాగితమెందుకురా" అన్నాడు. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. కానీ ఇంత పెద్ద సంస్థ మీద చెరిగిపోకుండా మిగిలిన అక్షరం అదొక్కటే. మిగతావన్నీ మారుతూ వచ్చాయి. 1958లో ఏపీఎస్‌ఆర్‌టీసీ అయింది, రాష్ట్రం విడిపోయాక టీఎస్ ముందుకొచ్చింది, 2024లో అది టీజీ అయింది. మామ సర్వీసు మొత్తం మొదటి పేరు కిందే గడిచింది.

టికెట్లు ఎలా ఉండేవని అడిగాను. కుడిచేతి బొటనవేలు చూపించాడు. గోరు పక్కన చర్మం ఇప్పటికీ గట్టిగా, నున్నగా ఉంది. రేటుకో రంగు టికెట్ల కట్టలు ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, ఈ వేలితో సర్రున లాగి చింపేవాడట. స్టేజీ రాగానే ఏ కట్టలో ఎక్కడిదాకా వచ్చిందో ఎస్సార్ కాగితంలో రాయాలి. ఊగే బస్సులో, ఒంటికాలి మీద, పెన్సిలుతో. "స్టేజీ దాటినంక చెకింగోడు ఎక్కి, ఎస్సార్ రాయలేదనుకో, అయిపోయినట్టే. నిద్రల కూడ ఎస్సారే రాస్తుంటి."

7జెడ్ డబుల్ డెక్కర్ మీద కూడా కొన్నాళ్లు చేశాడు. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు పోయే బస్సది. పిల్లలంతా పైకే ఎగబడేవాళ్లు. చెట్ల కొమ్మలు కిటికీలకు కొట్టుకుంటుంటే కేకలే కేకలు. ఆ జెడ్ జూదా, నిజాం తల్లిదా అని నేను ఆటపట్టిస్తే మామకు కోపమొచ్చింది. డబుల్ డెక్కర్లు రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు ఆగిపోయాయి. 2023లో కరెంటు డబుల్ డెక్కర్లు మళ్లీ తెచ్చారు. వాటిని దూరం నుంచి చూశాడట, ఎక్కలేదు. "మెట్లెక్క మోకాళ్లేవి?"

మధ్యాహ్నం కోఠి నుంచి కొండాపూర్‌కు 127కే ఎక్కాం. ఈసారి నంబరు నేనే ముందు చదివి వినిపించాను. నాంపల్లి దాకా బస్సులో ఉర్దూ ఎక్కువ వినబడింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటేసరికి మెడలో ఐడీ కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మామ కిటికీలోంచి చూస్తూ అక్షరాలు విప్పి చెప్పడం మొదలుపెట్టాడు. 49ఎంలో ఎం అంటే మెహదీపట్నం. 65జీలో జీ అంటే గోల్కొండ. 127కేలో కే కొండాపూర్. సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేట వైపు పోయేవాటిలో చాలావరకు పది నంబరు సంతానం. ఊరు కాస్త ముందుకు జరిగినప్పుడల్లా పాత నంబరుకు కొత్త అక్షరం తగిలించారు. 1998లో సైబర్ టవర్స్ వచ్చిన హైటెక్ సిటీ వైపు పోయే 10హెచ్ కూడా ఆ పది సంతానమే. "ఇదంత బండలే ఉండె. బండలకు బస్సెందుకు?" అన్నాడు.

మరి 5కేలో కే ఏంటి మామా అన్నాను. నావైపు గుర్రుగా చూశాడు. "నువ్వు ఎక్కని బస్సు గురించి నీకెందుకు?"

కొండాపూర్‌లో దిగేసరికి పొద్దు గూకుతోంది. అద్దాల మేడల మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. రోడ్డు నిండా కార్లు, ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి. మామ కాసేపు వాటిని లెక్కపెట్టినట్టు చూసి, "ఒక్క బస్సుల పడతరు వీళ్లంత" అన్నాడు. ఆయన మెహదీపట్నం పోవాలి, నాకు సికింద్రాబాద్‌లో రాత్రి రైలుంది. 10హెచ్ వచ్చింది. "నంబరు చూసినవా?" అన్నాడు. చూశానన్నాను. ఎక్కాను.

ఒక ముసలాయన సంచితో మెల్లగా ఎక్కుతున్నాడు. మామ కిందే నిలబడి ఆయన రెండో కాలు కూడా లోపల పడేదాకా చూశాడు. వెనక ఇంకెవరైనా పరుగెత్తుకొస్తున్నారేమోనని అటు తిరిగి చూశాడు. అప్పుడు అరచేత్తో బస్సు రేకు మీద రెండుసార్లు ధన్ ధన్ మని కొట్టాడు.

"రైట్!"

బస్సు కదిలింది. లోపల కండక్టరు, పాతికేళ్ల కుర్రాడు, మిషన్ చేతిలో పట్టుకుని ఉలిక్కిపడి కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవలన్నా ఆయన?"

"మా మామ. సికింద్రాబాద్ ఒకటివ్వు" అన్నాను.